చేపలు సాత్పురా కొండలు దాటాయా?

2019 జనవరిలో పంజాబులోని ఫగ్వారాలో 106వ భారత సైన్సు కాంగ్రెస్ జరిగింది. ఆ వేదిక మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి మాట్లాడుతూ, డార్విన్ సిద్ధాంతం కంటే మన దశావతారాలే మెరుగైన పరిణామ సిద్ధాంతం అన్నారు. పత్రికలన్నీ రాశాయి. కొందరు నవ్వుకున్నారు, కొందరు గర్వపడ్డారు. ఆ మాట ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. పెళ్ళి భోజనాల దగ్గర, రైలు పెట్టెల్లో, గుడి ప్రవచనాల్లో మనమంతా విన్నదే. ముందు చేప, తర్వాత తాబేలు, ఆ తర్వాత పంది, సగం మనిషి, పొట్టి మనిషి, పూర్తి మనిషి. "చూశారా, డార్విన్ కంటే ముందే మనవాళ్ళు చెప్పేశారు!"

మిత్రులారా, ఈ వాదనకు జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. ఆ వరసలో తాబేలు చేపకు పుట్టలేదు. పంది తాబేలుకు పుట్టలేదు. ఒకే దేవుడు ప్రతిసారీ వేషం మార్చుకుని వచ్చాడు. పరశురాముడూ రాముడూ అయితే ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నారు కూడా. ఒక జీవి నుంచి మరో జీవి తరతరాలుగా మారుతూ రావడం పరిణామం. దేవుడు దిగి రావడం అవతారం. ఈ రెండింటికీ పొంతన ఎక్కడ?

నిజానికి పరిణామం చెందింది ఆ కథే. శతపథ బ్రాహ్మణంలో మనువును ప్రళయం నుంచి కాపాడిన చేప ఫలానా దేవుడని లేదు. అది ఒక చేప, అంతే. మహాభారతం అరణ్యపర్వానికి వచ్చేసరికి ఆ చేప తాను బ్రహ్మనని చెప్పుకుంది. పురాణాల నాటికి విష్ణువు అయింది. ఒక పాఠం నుంచి మరో పాఠం, చిన్న చిన్న మార్పులతో! గ్రంథాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎవరైనా చూడవచ్చు.

అయితే తప్పును తప్పు అని చెప్పి ఊరుకుంటే మన పని సగమే అయినట్టు. మరి చేపల అసలు చరిత్ర ఏమిటి? మన చెరువుల్లో, ఏళ్ళలో ఉన్న చేపలు ఎవరికి చుట్టాలు? ఎక్కడి నుంచి వచ్చాయి? ఎప్పుడు వచ్చాయి? ఈ ప్రశ్నల వెనక రెండు వందల ఏళ్ళ కథ ఉంది. అందులో ఒక ముఖ్య పాత్ర మనదేశపు శాస్త్రవేత్తదే.

నేను జీవశాస్త్రం చదివినవాడిని కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో రిటైరయ్యేదాకా బిల్లులూ వోచర్లూ తిరగేసినవాడిని. మా వృత్తిలో ఎంత పెద్ద అధికారి సంతకం ఉన్నా అడిగేది ఒకటే: వోచరు ఏది? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న పట్టుకుని నడుస్తుంది.

పేర్ల పద్దు

మనం బజారులో కొనే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ, గడ్డిచేప అన్నీ ఒకే పెద్ద వంశానికి చెందినవి. శాస్త్రజ్ఞులు దాన్ని సైప్రినిఫార్మిస్ అంటారు. మనం కార్పు జాతి చేపలు అనుకుందాం. నాలుగు వేలకు పైగా జాతులున్న ఈ వర్గం మంచినీటి చేపల్లో అతి పెద్దది. వేలెడంత పరిగెల నుంచి మనిషంత బరువు తూగే వాటి దాకా ఇందులో ఉన్నాయి. 2006లో సుమత్రా బురదనేలల్లో గుర్తించిన పీడోసిప్రిస్ అనే చేపలో ఎదిగిన ఆడది 7.9 మిల్లీమీటర్లే.

1758లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ ఈ చేపలకు సైప్రినస్ అన్న పేరు స్థిరపరిచాడు. మన గంగానది చేపలకు ఆ పద్దులో చోటు దొరికింది మాత్రం 1822లో. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన స్కాట్లండ్ దేశస్థుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా, దాని ఉపనదుల చేపల మీద ఆ ఏడు పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, చాలా చేపలకు స్థానికుల పేర్లే లాటిన్ వేషం వేసి పెట్టాడు. రోహిత, కట్ల, మృగల, కల్బాసు, రెరియో అన్నీ అలా వచ్చినవే. రోహిత అంటే ఎర్రనిదని సంస్కృతం. ఆ మాటే జనం నోట రోహు అయింది. పేరు పెట్టింది దొర, పేరు తెలిసింది జాలరికి.

ఆ పుస్తకం కోసం హామిల్టన్ దగ్గర హాలుదార్ అనే బెంగాలీ యువకుడు చేపల బొమ్మలు వేశాడు. ఆ పేరు దాదాపు రెండు శతాబ్దాలు మరుగున పడి ఉంది. 2013లో శ్రీలంక శాస్త్రవేత్త రోహన్ పెతియగోడ దక్షిణ భారతపు చిన్న చేపల ప్రజాతి ఒకదానికి హాలుదారియా అని పేరు మార్చాడు. అంతకు ముందు ఏడాది దానికి ద్రవిడియా అని పెట్టారు కానీ, ఆ పేరు అప్పటికే మరో జీవికి నమోదై ఉంది. ఆలస్యంగానైనా ఒక కూలి చిత్రకారుడి పేరు శాస్త్రంలో నిలబడింది.

2012లో పెతియగోడ, ఆయన సహచరులు దక్షిణాసియాలో పుంటియస్ అన్న ఒకే పేరు కింద కలగాపులగంగా పడి ఉన్న చేపలను పరిశీలించి, వేరువేరు ప్రజాతులుగా విడదీశారు. అందులో ఒకదానికి డాకిన్సియా అని పేరు పెట్టారు. అవును, రిచర్డ్ డాకిన్స్ పేరే! పడమటి కనుమల ఏళ్ళలో, శ్రీలంకలో ఈదే అందమైన చేపలవి. మన పాఠకులకు ఈ సంగతి సంతోషం కలిగిస్తుందనే చెబుతున్నాను.

గొంతులో పళ్ళు, వెన్నులో చెవి

ఇన్ని వేల చేపలు ఒకే వంశమని ఎలా చెప్పారు? రంగు చూసి కాదు, పరిమాణం చూసి కాదు. ఈసారి బొచ్చె కొన్నప్పుడు దాని నోట్లో వేలు పెట్టి చూడండి. దవడలకు పళ్ళు ఉండవు. పళ్ళు గొంతు లోపల, మొప్పల వెనక ఎముక మీద ఉంటాయి. ఇది ఒక గుర్తు.

రెండో గుర్తు ఇంకా విచిత్రం. 1820లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హైన్రిష్ వెబర్, ఈ చేపల గాలితిత్తికీ లోచెవికీ మధ్య గొలుసులా పేర్చినట్టున్న చిన్న చిన్న ఎముకలను వర్ణించాడు. నీటిలో శబ్దం తగిలితే గాలితిత్తి అదురుతుంది. ఆ అదురును ఈ ఎముకలు చెవికి చేరవేస్తాయి. జెల్లలు, వాలుగ వంటి మీసాల చేపల్లోనూ, దక్షిణ అమెరికా పిరాన్హాల్లోనూ ఇవే ఎముకలున్నాయి. అందువల్ల అవి కార్పులకు దూరపు బంధువులు.

వెబర్ ఈ ఎముకలు మన మధ్యచెవిలోని మూడు ఎముకలతో సమానమనుకుని వాటి పేర్లే పెట్టాడు. అది పొరపాటు. పిండం పెరిగే క్రమాన్ని అనుసరిస్తే చేపలో ఆ ఎముకలు వెన్నెముక మొదటి పూసల ముక్కల నుంచి, పక్కటెముకల నుంచి తయారవుతాయని తేలింది. మన చెవి ఎముకల్లో రెండు పాత దవడ ఎముకల నుంచి వచ్చాయి. పని ఒకటే, పుట్టుక వేరు. ఇల్లు కట్టేవాడు కొత్త కలప తెస్తాడు. పరిణామం ఇంట్లో ఉన్న పాత కలపనే కోసి వాడుతుంది. రూపకర్త ఎవరైనా ఉంటే, వెన్నుపూస విరిచి చెవి తయారు చేయవలసిన అవసరం ఆయనకేమి వచ్చింది?

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఒకే పని చేసేవి, ఒకేలా కనిపించేవి చుట్టాలు కానక్కరలేదు. ముందు చెప్పబోయే కథకు ఇదే కీలకం.

హోరా ప్రశ్న

సుందర్‌లాల్ హోరా 1896లో హాఫిజాబాద్‌లో పుట్టాడు. ఇప్పుడది పాకిస్తాన్ పంజాబులో ఉంది. 1919లో లాహోరులో ఉండగా, భారత జంతు సర్వేక్షణ సంస్థ మొదటి డైరెక్టర్ నెల్సన్ అనండేల్ కంటపడ్డాడు. మరుసటి ఏడాదే మణిపూర్ చేపల సర్వేకు వెళ్ళాడు. 1921లో కలకత్తాలో ఆ సంస్థలో చేరి, 1947లో దానికి డైరెక్టరై, 1955లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు.

హోరాకు ఇష్టమైనవి కొండ ఏళ్ళ చేపలు. ఉరకలు వేసే నీటిలో రాళ్ళకు అతుక్కుని బతికే చిన్న చేపలు. కార్పుల వంశంలోనే బాలిటోరిడ్లు అనే శాఖ ఒకటుంది. వీటి పొట్ట బల్లపరుపుగా, రెక్కలు విసనకర్రల్లా పక్కలకు పరుచుకుని ఉంటాయి. ప్రవాహంలో జీవుల శరీరం ఎలా మలచబడుతుందన్న విషయం మీద 1930లో ఆయన రాసిన పెద్ద వ్యాసాన్ని లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. అందులో చేపలే కాదు, పురుగులు, కప్పపిల్లలు కూడా ఉన్నాయి. వేరువేరు జీవులు ఒకే ఒత్తిడికి ఒకే రకమైన ఆకారానికి వస్తాయని ఆయన చూపించాడు.

ఆ పరిశోధనలోనే ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. పడమటి కనుమల ఏళ్ళలో ఉన్న కొన్ని చేపలు అస్సాం, బర్మా, మలయా కొండల చేపలను పోలి ఉన్నాయి. మధ్యలో ఉన్న దక్కను పీఠభూమిలో, గంగా మైదానంలో అవి లేవు. రాతికి అతుక్కుని చల్లని ఉరవడి నీటిలో తప్ప బతకలేని చేప, వెచ్చటి బురద నదులు దాటి రెండు వేల కిలోమీటర్లు ఎలా వచ్చింది?

ప్రశ్న ఎంత బాగుందో చూడండి. దేవుడు ఎక్కడ కావాలంటే అక్కడ చేపను సృష్టించాడంటే ఈ ప్రశ్నే పుట్టదు. చేపకు తల్లి ఉంటుంది, ఆ తల్లి ఒక ఏట్లో ఉంటుంది, ఆ ఏరు ఒక చోట ఉంటుంది అనుకున్నవాడికే ఇది ప్రశ్న.

హోరా జవాబు ఇది. వింధ్య, సాత్పురా కొండల వరస ఒకప్పుడు ఇంకా ఎత్తుగా, తడిగా, తూర్పున అస్సాం కొండల దాకా సాగి ఉండేది. హిమయుగాల్లో చల్లటి, వానల వాతావరణం ఉన్నప్పుడు, ఒక ఏరు మరో ఏటి తలను కలిపేసుకుంటూ పోతుంటే, చేపలు కొండ నుంచి కొండకు పాకాయి. సాత్పురా మీదుగా పడమటి కనుమలు చేరి, దక్షిణానికి దిగాయి. తర్వాత జార్ఖండ్‌లోని రాజమహల్ కొండలకూ మేఘాలయలోని గారో కొండలకూ మధ్య నేల కుంగి, నదుల ఒండ్రుతో నిండింది. దారి తెగిపోయింది.

ఈ ఊహ ఎలాంటి రోజుల్లో రూపుదిద్దుకుందో కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో 1942లో జంతు సర్వేక్షణ సంస్థ నమూనాలను కలకత్తా నుంచి కాశీలోని కైజర్ కాసిల్ అనే భవనానికి తరలించారు. 1943లో వరుణా నది పొంగి ఆ నమూనాలు చాలా పాడయ్యాయి. ఆ మరుసటి ఏడాది, 1944లో, హోరా గారో-రాజమహల్ ఎడం గురించి వ్యాసం ప్రచురించాడు. 1949లో ఈ విషయం మీద చర్చాగోష్ఠి జరిగింది. పక్షుల కోణం నుంచి సలీం అలీ రాశాడు. భూగర్భ శాస్త్రం కోణం నుంచి జె.బి. ఆడెన్ రాశాడు (ఇంగ్లీషు కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్ అన్నగారే). స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకే మనదేశంలో ఇలాంటి బహిరంగ పరీక్ష జరిగిందంటే గర్వపడవలసింది దానికి. దశావతారాల మీద అలాంటి గోష్ఠి ఒక్కటి జరగనివ్వండి చూద్దాం, భూగర్భ శాస్త్రజ్ఞుణ్ణి కూడా పిలిచి!

ట్రయల్ బ్యాలెన్స్ తేలింది, కానీ...

కామర్స్ చదివిన ప్రతివాడికీ మొదటి ఏడాదే ఒక పాఠం చెబుతారు. ట్రయల్ బ్యాలెన్స్ రెండు వైపులా సరిపోయినంత మాత్రాన లెక్క నిజమని కాదు. ఒక తప్పును మరో తప్పు సరిచేసి ఉండవచ్చు. ఒక పద్దు కింద రాయవలసింది మరో పద్దు కింద రాసి ఉండవచ్చు. మొత్తం తేలుతుంది, లెక్క మాత్రం తప్పు.

సాత్పురా ఊహ ఎంతో చక్కగా తేలింది. చేపలు, కొండలు, హిమయుగాలు, నదుల మార్పులు అన్నీ ఒక చోట కలిశాయి. కానీ అందులో ఒక మెలిక ఉంది. పడమటి కనుమల చేపా, మలయా చేపా చుట్టాలని చెప్పడానికి ఆధారం వాటి ఆకారమే. ఉరవడి నీరు వేరువేరు జీవులను ఒకే ఆకారానికి తెస్తుందని 1930లో చూపించింది ఎవరు? హోరాయే! అంటే ఆయన సిద్ధాంతానికి గట్టి అభ్యంతరం ఆయన పుస్తకంలోనే ఉంది. పోలిక వంశం వల్ల వచ్చిందా, వృత్తి వల్ల వచ్చిందా? ఆకారం మాత్రమే చూస్తే తేలదు. ఆ కాలంలో చూడటానికి మరొకటి లేదు.

డీఎన్ఏ ఆ లోటు తీర్చింది. రెండు చేపల జన్యువుల్లో అక్షరాల తేడాలు లెక్కపెడితే, అవి ఉమ్మడి పూర్వీకుడి నుంచి విడిపోయి ఎంతకాలమైందో అంచనా కట్టవచ్చు. వయసు తెలిసిన శిలాజాలతో ఆ గడియారాన్ని సరిచూస్తారు. 2003లో ప్రవీణ్ కారంత్ ఈ పద్ధతితోనే సాత్పురా ఊహ లాంటివాటిని పరీక్షించాలని 'కరెంట్ సైన్స్' పత్రికలో వాదించాడు. రెండు చోట్ల ఉన్నవి నిజంగా దగ్గరి చుట్టాలేనా? అయితే ఎప్పుడు విడిపోయాయి? ఈ రెండూ తేల్చకుండా దారి గురించి మాట్లాడటం అనవసరమని సారాంశం.

ఫలితాలు ఒక్కొక్కటే వచ్చాయి. మలయా ప్రాంతపు హోమలాప్టెరా ప్రజాతికి చెందినవని అనుకున్న పడమటి కనుమల చేపలు ఆ ప్రజాతివి కావని తేలింది. 2015లో వాటికి ఘట్సా అని కొత్త ప్రజాతి పేరు పెట్టారు, మన కనుమల పేరు మీదే. 2020లో కేరళ, పుణె శాస్త్రవేత్తలు పడమటి కనుమల కొండ చేపల డీఎన్ఏ వంశవృక్షం గీశారు. అవి శాఖోపశాఖలుగా విడిపోవడం మయోసీన్ యుగంలో జరిగిందని తేల్చారు. మయోసీన్ 2.3 కోట్ల ఏళ్ళ క్రితం మొదలై, 53 లక్షల ఏళ్ళ క్రితం ముగిసింది. హోరా చెప్పిన హిమయుగాలు మొదలైంది 26 లక్షల ఏళ్ళ కిందట. బండి రాకముందే ప్రయాణికులు ఊరు చేరి, ఇళ్ళు కట్టుకుని, పిల్లలను కన్నారన్నమాట!

అంతమాత్రాన సాత్పురా మీదుగా ఏ జీవీ ఎన్నడూ రాలేదని కాదు. బాలిటోరా ప్రజాతి ఈశాన్యంలోనూ, పడమటి కనుమల్లోనూ ఈనాటికీ ఉంది. ఒక్కో జీవిది ఒక్కో ప్రయాణం, ఒక్కో కాలం. అన్నింటికీ ఒకే దారి, ఒకే తేదీ అన్న ఊహ నిలవలేదు. హోరా ప్రశ్న నిలిచింది, జవాబు మారింది.

హోరా కాలంలో లేని మరో వోచరు కూడా మనకుంది. ఖండాల కదలిక. వెగెనర్ ఆ మాట 1912లోనే అన్నా, శాస్త్రలోకం ఒప్పుకున్నది 1960లలో. భారత భూభాగం సుమారు 8.8 కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ నుంచి విడిపోయింది. ఒంటరిగా ఉత్తరానికి కదిలి, సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను ఢీకొంది. ఇప్పుడు కార్పులు ఎక్కడ లేవో చూడండి. మడగాస్కర్‌లో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో అవి సహజంగా లేవు. మన భూభాగం మీదే మొదటి నుంచీ ఉండి ఉంటే విడిపోయిన ముక్కల్లోనూ ఉండవలసింది. ఆసియాతో కలిశాకే ఇక్కడికి వచ్చాయనడానికి ఇదొక బలమైన ఆధారం. అంటే మన శీలావతి పూర్వీకులు వలస వచ్చినవాళ్ళే. ఎవరు స్థానికులు, ఎవరు పరాయివాళ్ళు అని కొట్టుకు చచ్చే మనకు చేప చెప్పే మొదటి పాఠం ఇది.

ఒకటికి రెండు నకళ్ళు

పరిణామ వ్యతిరేకులు తరచూ వేసే ప్రశ్న ఒకటుంది. "ఉన్నది పాడవుతుంది గాని, కొత్త జన్యువు ఎక్కడి నుంచి వస్తుంది?" దానికి జవాబు బంగారుతీగ కడుపులో ఉంది.

రోహు, కట్ల, మృగాల చేపల కణాల్లో 50 క్రోమోజోములుంటాయి. బంగారుతీగలో, గోల్డ్ ఫిష్‌లో 100. సరిగ్గా రెట్టింపు! 1967లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ వంశీయుడు సుసుము ఓనో బృందం ఈ సంగతి మీద దృష్టి పెట్టింది. 1970లో ఓనో ఒక పుస్తకం రాశాడు. ఒక జన్యువుకు రెండో నకలు ఏర్పడితే, మొదటిది పాత పని చేస్తుంటుంది, రెండోది స్వేచ్ఛగా మారి కొత్త పని నేర్చుకోవచ్చు అని అందులో వాదించాడు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, అసలు ఫైలు బీరువాలో భద్రంగా ఉంటే, నకలు మీద ఎన్ని దిద్దుబాట్లయినా చేసుకోవచ్చు.

2014లో బంగారుతీగ జన్యుపటం మొత్తం వెలువడింది. 2019లో గోల్డ్ ఫిష్‌ది వచ్చింది. రెట్టింపు జరిగిన మాట నిజమని, అది కోటి ఏళ్ళకు అటూ ఇటూగా రెండు వేరు జాతుల కలయిక వల్ల జరిగిందని తేలింది. అప్పటి నుంచి ఆ నకళ్ళలో కొన్ని చెరిగిపోతున్నాయి, కొన్ని పని పంచుకుంటున్నాయి. కళ్ళెదుట నడుస్తున్న లెడ్జరు అది.

కార్పులకే దగ్గరి బంధువు మరో చిన్న చేప ఉంది. హామిల్టన్ 1822లో రెరియో అని రాసుకున్న నీలి చారల చేప. ఇప్పుడు ప్రపంచమంతా జీబ్రా ఫిష్ అంటారు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దాన్ని ప్రయోగశాలకు తెచ్చి, 1981లో దాని క్లోన్‌లు తయారు చేసిన పద్ధతి ప్రకటించాడు. 2013లో దాని జన్యుపటం పూర్తయింది. మనిషి జన్యువుల్లో 70 శాతానికి ఆ చేపలో కనీసం ఒక జోడు జన్యువు ఉందని తేలింది.

ఆ చేపల్లో గోల్డెన్ అనే లేత రంగు రకం ఉంది. 2005లో కీత్ చెంగ్ బృందం, ఆ లేత రంగుకు కారణమైన జన్యువును గుర్తించింది. దానికి జోడైన మనిషి జన్యువు తాలూకు సందేశాన్ని ఆ చేప పిండంలో పెడితే ముదురు రంగు తిరిగి వచ్చింది! ఎస్ఎల్‌సి24ఎ5 అనే ఆ మానవ జన్యువులో ఒక్క అక్షరం తేడా, యూరప్, ఆఫ్రికా ప్రజల చర్మం రంగు తేడాలో గణనీయమైన భాగానికి కారణం. 2013లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, ఆయన సహచరులు మనదేశంలో దీన్ని పరిశీలించారు. భారతీయుల్లో, యూరోపియన్లలో ఉన్న ఆ మార్పు ఒకే ఒక్క మూలం నుంచి వచ్చిందని కనుగొన్నారు. తెల్ల అమ్మాయి కావాలని పెళ్ళి ప్రకటన ఇచ్చేవాళ్ళూ, రంగును బట్టి వర్ణం చెప్పేవాళ్ళూ తెలుసుకోవాలి. మీరు ఇంత విలువ కట్టే వస్తువులో పెద్ద వాటా ఒక జన్యువులో ఒక్క అక్షరానిది. ఆ జన్యువు గుట్టు విప్పింది గంగ ఒడ్డున గుంటల్లో తిరిగే చేప.

లెక్క తప్పితే నష్టం ఎవరికి?

ఇదంతా పండితుల కాలక్షేపమని ఎవరైనా అనుకుంటే కావేరీ వైపు చూడండి. అక్కడ మూపురం మహసీర్ అనే పెద్ద కార్పు ఉంది. 1946లో కబిని నదిలో 120 పౌన్ల చేపను గాలంతో పట్టిన రికార్డుంది. దొరలు, రాజులు దాని వేట గురించి పుస్తకాలే రాశారు. కానీ అది శాస్త్రీయంగా ఏ జాతి అన్నది 2018 దాకా ఎవరూ తేల్చలేదు. ఆ ఏడు డీఎన్ఏ, ఆకారం రెండూ పరిశీలించి, 2007లో కేరళలోని పంబార్ నది నుంచి వర్ణించిన టార్ రెమాదేవియేనని నిర్ధారించారు. అప్పటికే అది అంతరించే అంచున ఉంది. ఈలోగా సంరక్షణ పేరుతో ఆ నదిలోకి వేరే ప్రాంతపు మహసీర్ పిల్లలను హేచరీల నుంచి తెచ్చి వదిలారు. అవి పెరిగాయి, అసలువి తగ్గాయి. మంచి ఉద్దేశంతోనే, పేరు తెలియక, పోటీదారుణ్ణి ఇంట్లోకి తెచ్చి పెట్టారు. వంశవృక్షం తెలియకపోతే సేవ కూడా హాని చేస్తుంది.

మన కొల్లేరు ప్రాంతపు రైతుకూ ఇందులో సంబంధం ఉంది. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి, అలికున్హి ఒరిస్సాలో కార్పులకు పీయూష గ్రంథి సారం సూదితో ఇచ్చి, నిలవనీటిలో గుడ్లు పెట్టించగలిగారు. అంతదాకా వరదనీటిలో పట్టిన పిల్లలే గతి. ఇప్పుడు మనదేశం జూలై 10ని మత్స్య రైతుల దినంగా జరుపుకుంటోంది. ఆ సూది లేకపోతే కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువులు ఈ స్థాయికి వచ్చేవి కావు.

కానీ ప్రతి వరానికీ ఒక షరతు ఉంటుంది. రోహు, కట్ల, మృగాల మూడింటికీ 50 క్రోమోజోములే కావడంతో హేచరీ తొట్టిలో కలిస్తే వాటికి సంకరాలు పుడతాయి. కొద్దిపాటి తల్లిచేపలనే ఏళ్ళ తరబడి వాడితే దగ్గరి రక్తం కలుస్తుంది, పిల్లలు బలహీనమవుతాయి. దీనికి శాంతి పూజలేవీ పనిచేయవు. 1992లో భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య సంస్థ, నార్వే శాస్త్రవేత్తలతో కలిసి గంగా, గోమతి, యమునా, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల నుంచి రోహులను తెచ్చి, వంశాలు నమోదు చేసి, ఎంపిక చేస్తూ వచ్చింది. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవాలప్పుడు జయంతి అన్న పేరుతో ఆ రకాన్ని విడుదల చేశారు. తరానికి సగటున 17 శాతం ఎదుగుదల పెరిగిందని సంస్థ లెక్క. డార్విన్ పావురాల దగ్గర చూసిందే ఇది. ఎంపిక, వారసత్వం, తేడాలు. దశావతారాలను నమ్మే రైతు కూడా చెరువులో వేసేది డార్విన్ పద్ధతిలో పెంచిన పిల్లలనే!

హోరా ప్రాచీన గ్రంథాలను ఎలా చదివాడు?

ఒక విశేషం చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. హోరా చివరి ఏళ్ళలో ప్రాచీన భారతీయులకు చేపల గురించి ఏమి తెలుసో వరసగా వ్యాసాలు రాశాడు. అర్థశాస్త్రంలో చేపల ప్రస్తావనలు, కొన్ని దినాల్లో చేపలు పట్టడం, అమ్మడం నిషేధించిన అశోకుడి అయిదో స్తంభ శాసనం, చాళుక్య రాజు సోమేశ్వరుడి 'మానసోల్లాసం'లోని గాలం వేట అధ్యాయం, చేపల సంస్కృత నామాలు, ఇవన్నీ చదివాడు. భాగవతంలో మత్స్యావతారాన్ని శఫరి అంటారు. ఆ మాట చిన్న పరిగె చేపల పేరు. గ్రంథం రాసిన కవికి ఏటి ఒడ్డు తెలుసునని దానర్థం.

హోరా ఆ గ్రంథాల్లో చూసింది మనుషుల పరిశీలన. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, ఏ ఎరకు వస్తుంది, ఏ కాలంలో పట్టకూడదు. అదే ప్రాచీనులకు ఇవ్వవలసిన నిజమైన గౌరవం. వాళ్ళు చూసిన దాన్ని చూశారని చెప్పాలి. చూడని దాన్ని వాళ్ళ నెత్తిన రుద్దితే అది పొగడ్త కాదు, దొంగ వోచరు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అధ్యాయం నుంచి పరిణామం ఎగిరిపోయింది. పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు నిరసనగా సంతకాలు చేశారు. పదో తరగతితో సైన్సు ఆపేసే పిల్లలే మనదేశంలో ఎక్కువ. వాళ్ళకు పరిణామం గురించి తెలిసేది ఇక ప్రవచనాల నుంచే. రేపు కావేరీలో ఏ చేప వదలాలో, ఏ హేచరీకి అనుమతివ్వాలో సంతకం పెట్టే అధికారులు ఆ పిల్లల్లోంచే వస్తారు.

మన హేతువాదులకు కూడా ఒక మాట. 'సైన్సు చెప్పింది' అంటూ వేదవాక్కులా పలకడం మనకూ అలవాటే. హోరా గొప్పతనం ఆయన జవాబు నిలిచినందువల్ల కాదు. తప్పని రుజువు చేయడానికి వీలైన జవాబు చెప్పినందువల్ల. దారి ఫలానా, కాలం ఫలానా అని కాగితం మీద పెట్టాడు. అందుకే డెబ్భై ఏళ్ళ తర్వాత డీఎన్ఏతో సరిచూడగలిగారు. మా లెక్కల శాఖలో పొంతన కుదరని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో పెడతారు, వోచరు దొరికేదాకా. సైన్సు కూడా తెలియనిదాన్ని ఆ ఖాతాలోనే పెడుతుంది. దేవుడి ఖాతాకు రాసి పుస్తకం మూసేయదు.

దశావతారమే పరిణామమని ఈసారి ఎవరైనా అంటే కోప్పడకండి. ఒకటే అడగండి: "ఇది తప్పయితే ఎలా తెలుస్తుందండీ?" హోరా దగ్గర ఆ ప్రశ్నకు సమాధానం ఉంది. అవతలివారి దగ్గర ఉందేమో ఓపికగా వినండి.